లాగ్ ఫైల్ డిలీట్ చేశా, డిస్క్ మాత్రం ఇంకా 100% అంటోంది

కొత్తిమీర_కట్ట
ఉబుంటు 22.04, 40 జీబీ డిస్క్. పైథాన్ ఫ్లాస్క్ వెబ్ యాప్, దాన్ని నడిపే గునికార్న్ సర్వర్ మీద 4 వర్కర్లు (ఒకే యాప్‌ని నడిపే ప్రాసెస్‌లు), సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులు చూసుకునేది) కింద సర్వీసుగా నడుస్తోంది. యాప్ రాసే యాప్.లాగ్ 31 జీబీకి చేరింది. "నో స్పేస్ లెఫ్ట్" ఎర్రర్లు మొదలయ్యాక ఆర్ఎమ్ కొట్టి ఆ ఫైల్ తీసేశా. ఎల్ఎస్‌లో ఫైల్ లేదు. డీయూ (ఫైళ్ల సైజులు కూడేది) లెక్కేస్తే మొత్తం 7 జీబీ. డీఎఫ్ (డిస్క్ ఎంత నిండిందో చెప్పేది) మాత్రం 100% దగ్గరే కూర్చుంది. పెద్ద అప్‌లోడ్లు నడుస్తున్నాయి, సాయంత్రం దాకా రీస్టార్ట్ కుదరదు. ఆ 31 జీబీ ఎక్కడ చచ్చింది?

ఇంకోటి. దీనికీ దానికీ సంబంధం ఉందో లేదో గానీ, అదే ఫైల్లో ప్రతి లైనూ రెండేసి సార్లు పడుతోంది.

బందరు_లడ్డు
పాత లాగులు పారేసినా బీరువా ఖాళీ అవలేదన్నమాట.

రాత్రి_డ్యూటీ
రీస్టార్ట్ కొట్టు, పోతుంది.

కొత్తిమీర_కట్ట
పోస్టు చివరిదాకా చదువన్నా.

టెర్మినల్_తాత
ఆర్ఎమ్ తీసేసింది పేరునే, ఫైల్‌ని కాదు. డైరెక్టరీలో ఉన్న పేరు పోయింది, వెనకాల ఉన్న ఐనోడ్ (డిస్క్ మీద అసలు ఫైల్ రికార్డు) బతికే ఉంది. ఏదో ఒక ప్రాసెస్ దాన్ని తెరిచి పట్టుకున్నంత కాలం కెర్నల్ ఆ బ్లాకులు వదలదు. డీయూ పేర్లు పట్టుకుని వెతుకుతుంది కాబట్టి దానికి కనపడదు. డీఎఫ్ ఫైల్‌సిస్టమ్‌నే అడుగుతుంది కాబట్టి దానికి తెలుసు. నీ లెక్క కూడా సరిపోయింది చూడు: 31 + 7 = 38, మిగతా 2 జీబీ ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ రూట్ యూజర్ (అడ్మిన్) కోసం పక్కన పెట్టే 5%. అందుకే నీ యాప్‌కి చోటు లేదంటున్నా, రూట్‌గా లాగిన్ అయి పని చేసుకోగలుగుతున్నావు.

రీస్టార్ట్ లేకుండా ఇలా చెయ్యి:

ముందు సుడో (రూట్ హక్కులతో నడిపేది) పెట్టి ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1 కొట్టు. లింకు కౌంట్ సున్నా అయి, ఇంకా తెరిచి ఉన్న ఫైళ్లన్నీ వస్తాయి. "డిలీటెడ్" అని పక్కన పడి, సైజు 31 జీబీ ఉన్న లైను నీది. అందులో ప్రాసెస్ నంబరు, ఎఫ్‌డీ నంబరు (ఆ ప్రాసెస్‌లో తెరిచిన ఫైల్‌కి ఉండే నంబరు) రాసుకో. ఎఫ్‌డీ 7డబ్ల్యూ అని ఉంటే 7 అన్నమాట.

ఖాళీ చేసే ముందు చివరి లైన్లు కావాలంటే /ప్రాక్/ప్రాసెస్ నంబరు/ఎఫ్‌డీ/7 మీద టెయిల్ కొట్టి చివరి 5000 లైన్లు వేరే డిస్క్‌లోకి తీసుకో. పేరు పోయినా ఆ దారిలో ఇంకా చదవొచ్చు.

తర్వాత సుడో ట్రంకేట్ -ఎస్ 0, దాని వెనక అదే /ప్రాక్ దారి. అంతే. సుడో పెట్టి ఖాళీ రీడైరెక్ట్ (> గుర్తుతో ఫైల్‌ని ఖాళీ చెయ్యడం) మాత్రం వాడకు. ఆ > గుర్తుని నడిపేది సుడో కాదు, నీ షెల్, నీ హక్కులతో. పర్మిషన్ డినైడ్ వస్తుంది.

నాలుగు వర్కర్లకీ నాలుగుసార్లు చెయ్యక్కర్లేదు. అందరూ పట్టుకుంది ఒకే ఐనోడ్ అయితే ఒక్కసారి చాలు.

కొత్తిమీర_కట్ట
వచ్చేసింది. డీఎఫ్ 18%. ఎల్ఎస్ఓఎఫ్‌లో గునికార్న్ లైన్లు నాలుగు కనిపించాయి, ఐనోడ్ నంబరు నాలుగింటికీ ఒకటే. కానీ ఎల్ఎస్ కొడితే యాప్.లాగ్ ఇప్పటికీ లేదు?

టెర్మినల్_తాత
ఎలా ఉంటుంది? వర్కర్లు ఇంకా ఆ పేరు లేని ఐనోడ్‌లోకే రాస్తున్నాయి. అవి ఫైల్‌ని మళ్లీ తెరిచేదాకా అంతే. సాయంత్రం రీస్టార్ట్ చేశాక కొత్త యాప్.లాగ్ వస్తుంది. ఈలోగా చూడాలంటే /ప్రాక్ దారిలోనే టెయిల్ -ఎఫ్. ఆ లైన్లు కావాలంటే రీస్టార్ట్‌కి ముందే కాపీ చేసుకో, ప్రాసెస్ ఆగగానే అవీ పోతాయి.

సున్నా_ఒకటి
తాత చెప్పిన ట్రంకేట్ పద్ధతికి ఒక మెలిక. ఫైల్ అపెండ్ మోడ్‌లో (ఎప్పుడూ చివరనే రాసే పద్ధతి) తెరిచి ఉంటేనే ఇంత శుభ్రంగా పని చేస్తుంది. పైథాన్ ఫైల్‌హ్యాండ్లర్ (లాగ్ లైన్లని ఫైల్లోకి రాసే భాగం) డిఫాల్ట్‌గా అపెండ్‌లోనే తెరుస్తుంది కాబట్టి నువ్వు బతికిపోయావు. అదే ఎవరైనా షెల్లో ఒక్క > తో రీడైరెక్ట్ చేసి నడిపితే, ఆ ప్రాసెస్‌కి తను 31 జీబీ దగ్గర ఉన్నట్టే గుర్తుంటుంది. నువ్వు సున్నా చేసినా తర్వాతి లైను అక్కడే రాస్తుంది. ముందంతా బొక్క. ఎల్ఎస్ మళ్లీ 31 జీబీ అంటుంది, డీయూ ఏవో కొన్ని కేబీలు అంటుంది, గ్రెప్ (ఫైల్లో మాట వెతికేది) కొడితే "బైనరీ ఫైల్ మ్యాచెస్" అని మొహాన కొడుతుంది, ఎందుకంటే ముందు భాగమంతా నల్ బైట్లుగా చదువుతుంది. గ్రెప్ -ఏ తో బయటపడొచ్చు. రీడైరెక్ట్ చెయ్యాలనుకుంటే మొదటి నుంచీ >> వాడండి.

ఓరుగల్లు_ఓవర్‌టైం
రెండేసి లైన్ల సంగతి ఎవ్వలూ పట్టించుకోలే. ఆ రెండు లైన్లు ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ పెట్టు భయ్యా. ఒక్క తీరుగనే ఉన్నయా, తేడా ఉన్నదా?

కొత్తిమీర_కట్ట
ఇవిగో:

11:42:07,318 ఇన్ఫో ఆర్డర్ 4471 సేవ్ అయింది
ఇన్ఫో:బిల్లింగ్:ఆర్డర్ 4471 సేవ్ అయింది

ఓరుగల్లు_ఓవర్‌టైం
గదే అనుకున్న. రెండు లైన్ల ఫార్మాట్ వేరుంటే ప్రాపగేట్ గొడవ. రెండోది బేసిక్‌కాన్ఫిగ్ (లాగింగ్‌ని ఒక్క పిలుపుతో సెట్ చేసేది) డిఫాల్ట్ ఫార్మాట్, అది రూట్ లాగర్‌కి (అన్ని లాగర్లకి పైనుండేది) పెట్టిన హ్యాండ్లర్ రాసింది. మొదటిది నువ్వు "బిల్లింగ్" లాగర్‌కి సొంతంగా తగిలించిన హ్యాండ్లర్. మెసేజ్ ముందు నీ హ్యాండ్లర్‌కి పోతది, ఆ తర్వాత పైకెక్కి రూట్ హ్యాండ్లర్‌కి గూడ పోతది.

ఫార్మాట్ ఒక్కటే ఉండి, 2 సార్లు, కొంచెం సేపటికి 3 సార్లు, 4 సార్లు అట్ల పెరుగుకుంట పోతే అది వేరే రోగం. గెట్‌లాగర్ (పేరు ఇస్తే లాగర్ ఇచ్చేది) చుట్టూ రాసుకున్న ఫంక్షన్ పిలిచినప్పుడల్లా కొత్త హ్యాండ్లర్ తగిలిస్తున్నట్టు. గెట్‌లాగర్ ఒకే పేరుకి ఎప్పుడైనా అదే ఆబ్జెక్ట్ ఇస్తది, హ్యాండ్లర్లు మాత్రం దాని మీద పేరుకపోతయి.

కందిపొడి
అయితే ప్రాపగేట్‌ని ఫాల్స్ చేస్తే సరి.

ఓరుగల్లు_ఓవర్‌టైం
ఒక్క లాగర్‌కి అయితే సరే. 30 మాడ్యూళ్లు ఉంటే 30 తావుల రాస్తవా? హ్యాండ్లర్లు రూట్‌కి మాత్రమే పెట్టు, యాప్ మొదలయ్యే ఒక్క తావున. మాడ్యూళ్లల్ల గెట్‌లాగర్ తప్ప ఇంకేం వద్దు.

ఇంకో మాట. రూట్ లెవెల్ వార్నింగ్‌కి పెంచిన, అయినా ఇన్ఫో లైన్లు వస్తనే ఉన్నయ్ అంటరు కొందరు. కింది లాగర్‌కి సొంతంగ లెవెల్ పెట్టి ఉంటే ఆ మెసేజ్ పైకి వచ్చినప్పుడు పై లాగర్ లెవెల్‌ని ఎవ్వలూ అడగరు. పై హ్యాండ్లర్ లెవెల్ మాత్రమే చూస్తరు. ఆపాలంటే హ్యాండ్లర్ దగ్గర ఆపాలె.

సున్నా_ఒకటి
డిక్ట్‌కాన్ఫిగ్‌కి (లాగింగ్ సెట్టింగులన్నీ ఒకే డిక్షనరీలో ఇచ్చే పద్ధతి) మారేవాళ్లు "డిజేబుల్ ఎగ్జిస్టింగ్ లాగర్స్" అన్నదాన్ని ఫాల్స్ చెయ్యడం మర్చిపోకండి. డిఫాల్ట్ ట్రూ. కాన్ఫిగ్ నడవకముందే ఇంపోర్ట్ అయిన మాడ్యూళ్ల లాగర్లన్నీ నోరు మూసుకుంటాయి, ఎర్రర్ కూడా రాదు. రెండో సారి పిలిచిన బేసిక్‌కాన్ఫిగ్ కూడా ఇంతే, రూట్‌కి అప్పటికే హ్యాండ్లర్ ఉంటే ఏమీ చెయ్యకుండా వెళ్లిపోతుంది. పైథాన్ 3.8 నుంచి ఫోర్స్ ట్రూ ఇస్తే పాతవి పీకేసి కొత్తవి పెడుతుంది.

రాత్రి_డ్యూటీ
అసలు 31 జీబీ ఎలా అయిందో అడగరేం? లెవెల్ ఎంతలో పెట్టావు?

కొత్తిమీర_కట్ట
రూట్ లాగర్ డీబగ్‌లో ఉంది.

రాత్రి_డ్యూటీ
అదీ సంగతి. రూట్‌ని డీబగ్‌లో పెడితే నీ కోడ్ ఒక్కటే కాదు, లైబ్రరీలన్నీ వాగుతాయి. యూఆర్ఎల్‌లిబ్3 ప్రతి రిక్వెస్టుకీ లైను వేస్తుంది. అప్‌లోడ్లు ఎస్3కి (అమెజాన్ స్టోరేజీ) అయితే దాని లైబ్రరీ బోటోకోర్ ఒక్కో కాల్‌కి పేరాలు పేరాలు రాస్తుంది. రూట్ ఇన్ఫోకి తెచ్చి, ఆ రెండు లాగర్ల పేర్లకీ విడిగా వార్నింగ్ పెట్టు. నీ మాడ్యూల్ ఒక్కదానికి డీబగ్ కావాలంటే దాని పేరు మీదే పెట్టుకో.

కందిపొడి
మళ్లీ నిండకుండా రొటేటింగ్‌ఫైల్‌హ్యాండ్లర్ (ఫైల్ నిండగానే దాని పేరు మార్చి కొత్తది తెరిచేది) పెట్టెయ్. మ్యాక్స్‌బైట్స్ 50 ఎంబీ, బ్యాకప్‌కౌంట్ 10. ఎంత వాగినా 550 ఎంబీ దాటదు. లాగ్‌రొటేట్ (అదే పని బయటి నుంచి చేసే ప్రోగ్రాము), గీగ్‌రొటేట్ ఏమీ అక్కర్లేదు.

సున్నా_ఒకటి
> ఎంత వాగినా 550 ఎంబీ దాటదు

ఒక్క ప్రాసెస్ అయితే ఒప్పుకుంటా. అతనికి 4 వర్కర్లు. ఏం జరుగుతుందో వరసగా చూడు. ఫైల్ 50 ఎంబీ అయింది. 1వ వర్కర్ యాప్.లాగ్‌ని యాప్.లాగ్.1 చేసి కొత్తది తెరిచింది. 2వ వర్కర్‌కి ఈ సంగతి తెలీదు, దాని చేతిలో ఇంకా పాత ఫైలే ఉంది, దాని సైజు 50 ఎంబీ. కాబట్టి తన తర్వాతి లైను రాయబోతూ అదీ రొటేట్ చేస్తుంది. అప్పుడే పుట్టిన, నాలుగు లైన్లు కూడా లేని యాప్.లాగ్ .1 అవుతుంది, అసలు 50 ఎంబీ .2కి జరుగుతుంది. 3, 4 వర్కర్లదీ అదే పని. నిండింది ఒకసారి, రొటేట్ అయింది నాలుగు సార్లు. పది బ్యాకప్‌లు మూడు విడతలు తిరిగేలోపే అయిపోతాయి, అందులో ఎక్కువ చిల్లర ఫైళ్లే. చివరిది జరిగి జరిగి డిలీట్ అయినప్పుడు నీ అసలు లాగ్ పోతుంది.

బ్యాకప్‌కౌంట్ ఇవ్వకుండా మ్యాక్స్‌బైట్స్ ఒక్కటే ఇచ్చేవాళ్లకి ఒక ముక్క: రెండిట్లో ఏది సున్నా అయినా రొటేషన్ అసలు జరగదు.

కందిపొడి
ఓకే, వెనక్కి తీసుకుంటున్నా. మరి లాగ్‌రొటేట్‌లో కాపీట్రంకేట్ పెడితే?

టెర్మినల్_తాత
అది వేరే దారి లేని ప్రోగ్రాములకి. ముందు మొత్తం కాపీ, తర్వాత ఖాళీ. ఆ రెండిటి మధ్య పడిన లైన్లు గోవిందా. పైగా 20 జీబీ ఫైల్‌ని కాపీ చెయ్యాలంటే ఇంకో 20 జీబీ చోటుండాలి. డిస్క్ నిండినప్పుడే కదా దీనితో పని.

పైథాన్ అయితే వాచ్డ్‌ఫైల్‌హ్యాండ్లర్ ఉంది. ప్రతి లైను రాసే ముందు ఆ పేరు మీద ఉన్న ఐనోడ్ తను పట్టుకున్నదేనా అని చూసుకుంటుంది. మారితే మూసి కొత్తది తెరుస్తుంది. సిగ్నల్ పంపే పని లేదు, నాలుగు వర్కర్లూ ఎవరికి వాళ్లు సర్దుకుంటారు. ఇది ఉండుంటే పొద్దున నీ ఆర్ఎమ్ కూడా పారేది. విండోస్‌లో మాత్రం పనికిరాదు. గునికార్న్ సొంత యాక్సెస్ లాగ్‌ని ఫైల్‌లోకి పంపుతుంటే, దానికి పోస్ట్‌రొటేట్‌లో (రొటేట్ అయ్యాక నడిపే ఆదేశాలు) మాస్టర్ ప్రాసెస్‌కి యూఎస్ఆర్1 సిగ్నల్ పంపాలి.

లాగ్‌రొటేట్ ఫైల్లో రాయాల్సినవి: డైలీ, మ్యాక్స్‌సైజ్ 200ఎం, రొటేట్ 7, కంప్రెస్, డిలేకంప్రెస్, మిస్సింగ్‌ఓకే, నోటిఫ్‌ఎంప్టీ, క్రియేట్ 0640 తర్వాత యాప్ యూజర్, గ్రూపు. డిలేకంప్రెస్ వదిలేయకు. ఇంకా కొత్త ఫైల్‌కి మారని వర్కర్ .1లోకి రాస్తుండగానే జీజిప్ మొదలైతే ఆ లైన్లు పోతాయి. మ్యాక్స్‌సైజ్‌కి బదులు సైజ్ అని రాస్తే డైలీ లెక్కలోకి రాదు, సైజు ఒక్కటే చూస్తుంది.

రాత్రి_డ్యూటీ
తాతా, మ్యాక్స్‌సైజ్ రాసినంత మాత్రాన 200 దాటగానే ఎవరూ వచ్చి కత్తిరించరు. లాగ్‌రొటేట్ డీమన్ కాదు, ఉబుంటులో రోజుకోసారి టైమర్ లేపితే లేస్తుంది. మధ్యలో 31 జీబీ అయినా దానికి తెలీదు. సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్ లాగ్‌రొటేట్.టైమర్ కొట్టి, ముందు ఖాళీ ఆన్‌క్యాలెండర్= ఒక లైను, దాని కింద ఆన్‌క్యాలెండర్=అవర్లీ. ఖాళీ లైను పెట్టకపోతే పాత డైలీకి ఇదీ తోడవుతుంది. యాక్యురసీసెక్ (టైమర్ ఎంత అటూఇటూ కావచ్చో చెప్పేది) కూడా 1 నిమిషానికి దించు. డేట్‌ఎక్స్‌ట్ (పాత ఫైల్ పేరుకి తేదీ తగిలించేది) వాడుతుంటే డేట్‌ఫార్మాట్‌లో గంట కూడా చేర్చు, లేకపోతే అదే రోజు రెండో రొటేషన్‌కి ఆ పేరు అప్పటికే ఉందని ఆగిపోతుంది.

ఎస్ఆర్ఈ_సుబ్బి
ఫైలే ఎందుకు రాయాలి అంటాను. సిస్టమ్‌డీ కింద నడుస్తోంది కదా, స్ట్రీమ్‌హ్యాండ్లర్ పెట్టి ఎస్‌టీడీఎర్‌లోకి (ప్రోగ్రాము ఎర్రర్లు బయటికి పంపే దారి) వదిలెయ్యండి. జర్నల్‌డీ (సిస్టమ్‌డీలో లాగులు పోగేసే భాగం) పట్టుకుంటుంది, కత్తిరించడం దాని తలనొప్పి. ఫైల్‌సిస్టమ్‌లో 10% దాటదు, ఎంత పెద్ద డిస్క్ అయినా 4 జీబీ దగ్గర ఆగుతుంది. సిస్టమ్‌మ్యాక్స్‌యూజ్ అని పెట్టి మనమే తగ్గించుకోవచ్చు. ఇన్ని మెలికలు ఉండవు.

టెర్మినల్_తాత
దాని మెలికలు దానికున్నాయి సుబ్బిగారూ. ఒక సర్వీసు 30 సెకన్లలో 10,000 మెసేజ్‌ల పరిమితి దాటితే మిగతావి పారేస్తుంది. డిస్క్‌లో ఖాళీని బట్టి ఆ పరిమితి కొంత పెరుగుతుంది గానీ, పారేయడం మాత్రం ఖాయం. "సప్రెస్డ్" అని ఒక్క లైను మిగులుతుంది. మామూలు రోజుల్లో పర్లేదు. ఎర్రర్ల వరద వచ్చి, లాగ్ నిజంగా కావాల్సిన రోజునే అది వడపోస్తుంది.

ఎస్ఆర్ఈ_సుబ్బి
ఆ సర్వీసు యూనిట్ ఫైల్లో లాగ్‌రేట్‌లిమిట్‌ఇంటర్వల్‌సెక్=0 అని రాస్తే పరిమితి ఉండదు. వరద వస్తే డిస్క్ నింపుకోవడం కన్నా పారేయడమే మేలు అని నేననుకుంటా, అది వేరే వాదన.

నిజంగా ఇబ్బంది పెట్టేది ఇంకోటి ఉంది. జర్నల్‌సీటీఎల్ -పీ ఎర్ర్ (ఆ లాగుల్లో ఎర్రర్లే చూపమనడం) కొడితే పైథాన్ ఎర్రర్లు ఒక్కటీ రావు. సిస్టమ్‌డీకి వచ్చేది ఉట్టి టెక్స్ట్, ప్రతి లైనునీ ఇన్ఫో కింద, అంటే 6గా రాసుకుంటుంది. ఫార్మాటర్‌లో లైను మొదట ఎర్రర్‌కి <3>, వార్నింగ్‌కి <4> చేర్చితే అది తీసుకుని సరైన లెవెల్ వేస్తుంది. ట్రేస్‌బ్యాక్‌కి (ఎర్రర్ ఎక్కడ వచ్చిందో చెప్పే లైన్ల వరస) మాత్రం ప్రతి లైనుకీ ఆ గుర్తు పెట్టాలి. జర్నల్‌డీకి ఒక లైను ఒక మెసేజ్.

వాన_చినుకు
మధ్యలో అడ్డం వస్తున్నా. నా స్క్రిప్టులో ప్రింట్లు జర్నల్‌సీటీఎల్‌లో వెంటనే రావట్లేదు, పావుగంటకి ఒక్కసారిగా గుట్టగా వస్తున్నాయి. టెర్మినల్‌లో అయితే టకటకా వస్తాయి.

సున్నా_ఒకటి
టెర్మినల్ అయితే లైను లైనుకీ బయటికి పంపుతుంది. ఎదురుగా పైపో సాకెట్టో ఉంటే 8192 బైట్లు నిండేదాకా పట్టుకుంటుంది. నీ లైను 80 బైట్లు అయితే సుమారు 100 లైన్లు పోగయ్యాకే కదులుతుంది. యూనిట్ ఫైల్లో ఎన్విరాన్‌మెంట్ కింద పైథాన్‌అన్‌బఫర్డ్=1 పెట్టు, లేదా పైథాన్ -యూ తో నడుపు. లాగింగ్ మాడ్యూల్ స్ట్రీమ్‌హ్యాండ్లర్‌కి ఈ బాధ లేదు, ప్రతి రికార్డుకీ ఫ్లష్ చేస్తుంది. కిల్ -9 పడినా, మెమరీ చాలక కెర్నల్ చంపినా ఆ బఫర్‌లో ఉన్న లైన్లు పోతాయి. ఎందుకు చచ్చిందో చెప్పేవి సరిగ్గా అవే.

వాన_చినుకు
=1 పెట్టా, టకటకా వస్తున్నాయి.

కందిపొడి
డాకర్ (యాప్‌ని విడి కంటైనర్‌లో నడిపేది) వాడితే ఇవేవీ ఉండవు కదా.

ఎస్ఆర్ఈ_సుబ్బి
😂 డాకర్ డిఫాల్ట్ జేసన్-ఫైల్ డ్రైవర్‌కి హద్దే లేదు. /వర్/లిబ్/డాకర్/కంటైనర్స్ కింద కంటైనర్‌కో ఫైలు, అది పెరుగుతూనే ఉంటుంది. డీమన్.జేసన్‌లో మ్యాక్స్-సైజ్ 50ఎం, మ్యాక్స్-ఫైల్ 5 రాయాలి. రాసి డాకర్ రీస్టార్ట్ చేసినా పాత కంటైనర్లకి అంటదు, వాటిని తీసేసి మళ్లీ సృష్టించాలి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. దానికన్నా లోకల్ డ్రైవర్ నయం, చెప్పకుండానే 20 ఎంబీ చొప్పున 5 ఫైళ్ల దగ్గర ఆగుతుంది. 16 కేబీ దాటిన లైనుని డాకర్ ముక్కలు చేస్తుంది, పెద్ద జేసన్ లైన్లు రాసేవాళ్లు అదీ చూసుకోండి.

పల్నాడు_పికిల్
జేసన్ అంటే గుర్తొచ్చింది. కస్టమర్ పేర్లు తెలుగులో ఉంటే జేసన్ డంప్స్‌కి ఎన్ష్యూర్ ఆస్కీ ఫాల్స్ ఇవ్వండి. ఇవ్వకపోతే ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతం గుర్తూ ఆరేసి బైట్ల కోడ్‌గా మారుతుంది. "తెలుగు" అన్న మాట యూటీఎఫ్-8లో 18 బైట్లు, అలా రాస్తే 36. సైజు సంగతి అటుంచితే, గ్రెప్‌లో తెలుగులో పేరు కొడితే దొరకదు.

విండోస్‌లో డెవలప్ చేసేవాళ్లు ఫైల్‌హ్యాండ్లర్‌కి ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెప్పి ఇవ్వాలి. సీపీ1252 (తెలుగు అక్షరాలు లేని పాత విండోస్ ఎన్‌కోడింగ్) పడితే తెలుగు లైను రాగానే "లాగింగ్ ఎర్రర్" అని ఎస్‌టీడీఎర్‌లో ట్రేస్‌బ్యాక్ వస్తుంది, యాప్ ఆగదు, ఆ లైను మాత్రం ఫైల్లో ఉండదు.

బందరు_లడ్డు
గుణింతానికి కూడా జీఎస్టీ వేసినట్టుంది.

రాత్రి_డ్యూటీ
పేర్లు రాస్తున్నారు సరే, ఫోన్ నంబర్లు, 12 అంకెల ఆధార్ నంబర్లు కూడా పడుతున్నాయేమో చూసుకోండి. ఫిల్టర్ రాసి చివరి 4 అంకెలు వదిలి మిగతావి ఎక్స్‌లు చేస్తే చాలు. ఆ ఫిల్టర్‌ని రూట్ లాగర్‌కి పెడితే లాభం లేదు, కింది లాగర్ల నుంచి వచ్చేవాటికి అది నడవదు. పైన ఓరుగల్లు చెప్పిన లెవెల్ కథే. హ్యాండ్లర్‌కి పెట్టండి.

ఎస్ఆర్ఈ_సుబ్బి
తాత ఇచ్చిన రొటేట్ 7 మీద అభ్యంతరం. టైమర్ గంటకోసారి చేశాక, వరద వస్తే 7 ఫైళ్లు 7 గంటలకే అయిపోతాయి. ఇంకా పెద్దది, సర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో లాగ్‌లు 180 రోజులు ఉంచాలని ఉంది. మన దేశంలో సేవలు నడిపే కంపెనీలు అది చూసుకోవాలి. 40 జీబీ డిస్క్‌లో ఆరు నెలలు పెట్టమనడం లేదు, కంప్రెస్ అయిన ఫైళ్లని రోజూ వేరే స్టోరేజీకి పంపాకే ఇక్కడ పోనివ్వాలి.

టెర్మినల్_తాత
ఒప్పుకుంటున్నా. రొటేట్ 48 చెయ్యి, పైగా అవతలికి పంపు. అలా పంపేటప్పుడు టైమ్ కూడా సరిచెయ్యి. పైన నువ్వు పెట్టిన లైన్లో 11:42:07,318 అని ఉంది, తేదీ లేదు, ఎక్కడి టైమో లేదు. యాప్ ముందు ఎన్‌జినెక్స్ (వెబ్ సర్వర్) ఉంటే దాని యాక్సెస్ లాగ్ +0530 అని చెప్పి మరీ రాస్తుంది. డేటాబేస్ యూటీసీలో ఉంటే మూడూ పక్కన పెట్టుకుని ఐదున్నర గంటలు కలుపుతూ తీస్తూ కూర్చోవాలి. ఫార్మాటర్ కన్వర్టర్‌ని జీఎంటైమ్ చేసి చివర జెడ్ (యూటీసీ అని గుర్తు) రాయి.

కొత్తిమీర_కట్ట
రీస్టార్ట్ అయింది. హ్యాండ్లర్లు రూట్‌కి మాత్రమే, వాచ్డ్‌ఫైల్‌హ్యాండ్లర్, రూట్ ఇన్ఫో, బోటోకోర్ వార్నింగ్. లైన్లు ఒక్కోసారే పడుతున్నాయి. కానీ లాగ్‌రొటేట్ -డీ తో పరీక్షిస్తే "పేరెంట్ డైరెక్టరీ హ్యాజ్ ఇన్‌సెక్యూర్ పర్మిషన్స్" అని ఫైల్‌ని వదిలేస్తోంది.

రాత్రి_డ్యూటీ
ఆ ఫోల్డర్‌లో రూట్ కాని గ్రూపుకి రాసే హక్కు ఉంది. రూట్‌గా అక్కడ పేర్లు మార్చడానికి లాగ్‌రొటేట్ భయపడుతుంది, అది మంచికే. కాన్ఫిగ్‌లో ఎస్‌యూ అని రాసి పక్కన యాప్ యూజర్, గ్రూపు ఇవ్వు. -డీ ఉత్త రిహార్సల్, ఏదీ మార్చదు. నిజంగా తిప్పి చూడాలంటే -ఎఫ్.

కొత్తిమీర_కట్ట
-ఎఫ్ కొట్టా. యాప్.లాగ్.1 వచ్చింది. నిమిషంలో నాలుగు వర్కర్లూ కొత్త ఐనోడ్‌కి మారాయి. ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1లో గునికార్న్ లైను ఒక్కటీ లేదు.

బందరు_లడ్డు
పొద్దున నుంచి సుడో ట్రంకేట్ కాపీ చేసుకుని పెట్టుకున్నా, నాదీ 94%లో ఉంది. ఎల్ఎస్ఓఎఫ్‌లో డిలీటెడ్ ఏమీ లేవు మరి?

టెర్మినల్_తాత
అయితే నీవి బతికున్న లాగులే. డీయూ -ఎక్స్ తో రూట్ డైరెక్టరీ నుంచి లోతు 2 దాకా లెక్కేసి కొత్త త్రెడ్‌లో పెట్టు. డీఎఫ్ -ఐ (ఐనోడ్లు ఎన్ని వాడావో చెబుతుంది) కూడా కొట్టు.